పద్నాలుగో పాఠంలో దొంగ

ఆవిడకు అసలు పేరు ఒకటుంది గానీ, భాషా సంస్థ హాజరుపట్టీలో తప్ప అది ఎక్కడా వినపడదు. అక్కడ పనిచేసేవాళ్ళకూ, చదువుకునేవాళ్ళకూ, చివరికి వీధి మలుపులో జిరాక్స్ తీసే ఆయనకు కూడా ఆవిడ కత్తెర టీచరే. యాభై రెండేళ్ళ మనిషి. పొట్టిగా ఉంటుంది, ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమైపోయినట్టు నడుస్తుంది. చేతిసంచిలో కత్తెర, జిగురు గొట్టం, రాత మీద పూసే తెల్లరంగు సీసా లేకుండా గడప దాటదు. ఇంట్లో కూరగాయలు కోసే చాకు మొద్దుబారిపోయినా పట్టించుకోదు గానీ, ఆ కత్తెరకు మాత్రం మూడు నెలలకోసారి సాన పట్టిస్తుంది.

ఆవిడ నేర్పేది సముద్రం అవతలి దేశపు భాష. దాన్ని నేర్పే పుస్తకం కూడా ఆ దేశం నుంచే వస్తుంది. నున్నటి కాగితాలు, కళ్ళు జిగేలుమనే బొమ్మలు. మూడో పాఠంలో ఒక కుటుంబం మంచుకొండ మీద జారుడు ఆటలు ఆడుతుంది. ఏడో పాఠంలో ఇద్దరు స్నేహితులు చిత్రాల ప్రదర్శనకు వెళ్ళి నీలం రంగు గురించి అరగంట మాట్లాడుకుంటారు. పద్నాలుగో పాఠంలో హోటలు గుమాస్తా ఒక పెద్దమనిషితో, "రేపు పొద్దున్న ఏడింటికి మీ పడవ షికారు. ఆరింటికే కడుపునిండా తిని సిద్ధంగా ఉండండి" అంటాడు. బాగానే ఉంది. ఇదంతా నేర్చుకోవలసింది ఎవరయ్యా అంటే, రాత్రి డ్యూటీ దిగి మొహం కడుక్కుని నేరుగా పొద్దున్న ఆరున్నర క్లాసుకు వచ్చే వాచ్‌మన్లు, టాక్సీ డ్రైవర్లు, ఆసుపత్రి ఆయాలు. వాళ్ళలో ఒక్కడు కూడా ఈ జన్మలో మంచుకొండ మీద జారడు. మంచుకొండ మీద జారి కాలు విరగ్గొట్టుకున్నవాణ్ణి చక్రాల కుర్చీలో తోయవలసి రావచ్చు, అంతే.

అందుకని ఆవిడ కత్తెర పట్టింది. మంచుకొండ కుటుంబాన్ని కోసి ఆసుపత్రి వరండాలో కూర్చోబెట్టింది. నీలం రంగు స్నేహితుల చేత మందుసీసా మీది చీటీ చదివించింది. పద్నాలుగో పాఠంలో హోటలు బల్ల వెనక గోడకు సెలైన్ సీసా వేలాడే బొమ్మ అంటించి, గుమాస్తాను నర్సును చేసి, "పడవ షికారు" అన్నచోట తెల్లరంగు పూసి "ఆపరేషన్" అని రాసింది. ఏ బ్యాచ్ వస్తే ఆ బ్యాచ్‌కు తగ్గట్టు మళ్ళీ కోసేది, మళ్ళీ అతికించేది. పద్దెనిమిదేళ్ళలో అలా నలభై పాఠాలు తేలాయి. అతుకుల మీద అతుకులు పడి ఒక్కో కాగితం అట్టలా మందమెక్కింది.

ప్రతి పాఠంలోనూ ఒక దొంగ ఉండేవాడు. ఆ సంగతి చెప్పాలి, ఎందుకంటే కథంతా వాడి మీదే నడిచింది.

మొదట్లో, క్లాసులో అందరూ కునికిపాట్లు పడే రోజుల్లో, ఆవిడ పొరపాటున మధ్యాహ్న భోజనం పాఠానికి తెల్లవారుజామున అయిదు చూపించే గడియారం బొమ్మ అంటించింది. వెనక బెంచీలో తల వాల్చేసిన వాచ్‌మన్ ఒకాయన కళ్ళు నులుముకుని, వచ్చీరాని ఆ భాషలోనే, "టీచర్ గారూ, కోడి కూడా లేవలేదు, అప్పుడే భోజనమేంటండి?" అన్నాడు. మూడు నెలల్లో ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి పూర్తి వాక్యం అది. క్లాసంతా ఘొల్లున నవ్వింది, ఆ నవ్వులో ఇంకో నలుగురు నోరు విప్పారు. కత్తెర టీచర్‌కు ఆ రోజే అర్థమైంది. పెద్దవాళ్ళను పాఠం అప్పజెప్పమంటే సిగ్గుతో చచ్చిపోతారు, టీచరు తప్పు పట్టుకోమంటే మాత్రం ఎక్కడలేని హుషారూ వస్తుంది.

అప్పటినుంచీ ప్రతి పాఠంలోనూ కావాలనే ఒక తప్పుడు సంగతి దాచేది. పుట్టి రెండు రోజులైన పసివాడికి పళ్ళు తోముకోమని చెప్పే తల్లి. జ్వరం చూడ్డానికి తూకం తెచ్చే నర్సు. పద్నాలుగో పాఠంలో దొంగను కొత్తగా తేనక్కర్లేకపోయింది. పడవను ఆపరేషన్ చేసి, రెండో వాక్యాన్ని ముట్టుకోకుండా వదిలేసింది. "రేపు పొద్దున్న ఏడింటికి మీ ఆపరేషన్. ఆరింటికే కడుపునిండా తిని సిద్ధంగా ఉండండి." పాఠం చదివించాక కాగితాలు బోర్లా పెట్టించి, "ఇందులో ఒక దొంగ దూరాడు, ఎవరు పడతారు?" అనేది. ఆయాలు ఒకరి మీద ఒకరు పడి, "అయ్యో టీచర్ గారూ, ఆపరేషన్ ముందు తినకూడదండి, మంచినీళ్ళు కూడా తాగకూడదండి" అని ఆ భాషలో అరిచేవాళ్ళు. అంతకన్నా గట్టిగా ఆ మాట నేర్పే దారి ఇంకొకటి లేదు.

అయితే కాగితం మీద ఎక్కడా "ఇది దొంగ" అని రాసేది కాదు. రాస్తే పక్క బ్యాచ్ వాళ్ళకు ముందే తెలిసిపోతుందని భయం. నలభైమంది దొంగల జాబితా ఆవిడ బుర్రలో తప్ప మరెక్కడా లేదు.

మూడేళ్ళ కిందట సంస్థకు కొత్త డైరెక్టర్ వచ్చాడు. ఇస్త్రీ నలగని మనిషి. ఆ భాష మాట్లాడితే ఆ దేశం వాళ్ళే ముచ్చటపడతారు, క్లాసులోకి పంపితే మాత్రం పది నిమిషాల్లో అందరికీ ఆవులింతలొస్తాయి. ఊళ్ళోని పెద్దాసుపత్రికి ఆ దేశపు రోగులు రావడం ఎక్కువై, ఆయాలకూ నర్సులకూ భాష నేర్పే పని సంస్థకు దక్కింది ఈయన హయాంలోనే. రెండు బ్యాచ్‌లు పెట్టారు. ఒకటి కత్తెర టీచర్‌కు, ఒకటి కొత్తగా చేరిన చిన్న టీచర్‌కు.

ఆ మధ్యలోనే కత్తెర టీచర్ కూతురి కాన్పుకని ఇరవై రోజులు సెలవు పెట్టింది. డైరెక్టర్ ఎంతో మర్యాదగా, "మీ బీరువా తాళం ఇచ్చి వెళ్ళండి మేడమ్, మీ బదులు వచ్చేవాళ్ళకు కాగితాలు కావాలి కదా" అన్నాడు. ఇచ్చింది. మనవరాల్ని ఎత్తుకుని, సంతోషంగా తిరిగొచ్చేసరికి స్టాఫ్ రూమ్ బల్ల మీద పుస్తకాల కట్టలున్నాయి. నలభై పాఠాలు, కొత్త అచ్చు, నున్నటి అట్ట. అట్ట మీద డైరెక్టర్ పేరు, వెనక అట్ట మీద గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తున్న డైరెక్టర్ ఫోటో. ముందుమాటలో "సహోద్యోగుల సహకారానికి కృతజ్ఞతలు" అని ఒక ముక్క.

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. స్టాఫ్ రూమ్‌లో నలుగురు టీచర్లు టీ తాగుతుండగానే అడిగేసింది.

"ఇవి నా పాఠాలు కదండీ?"

ఆయన కప్పు కింద పెట్టి నవ్వాడు. "సంస్థ కాగితం, సంస్థ బీరువా, సంస్థ టైములో చేసినవి. మీవెలా అవుతాయి మేడమ్?"

"రాసింది నేను."

"రాయడమంటే ఏంటో మీకు తెలుసా? అక్కడో ముక్క కోసి ఇక్కడ అతికించారు. కుట్టుపని చేసేవాళ్ళని రచయితలంటామా?" అన్నాడు. తర్వాత గొంతు మెత్తగా చేసి, "ఇకనుంచి విడి కాగితాలు వద్దు. రెండు బ్యాచ్‌లూ ఈ పుస్తకమే చెప్పాలి. ఒక్క లైను కూడా మార్చొద్దు" అన్నాడు.

నలుగురు టీచర్లలో ఒకాయన దగ్గాడు, మిగతావాళ్ళు కప్పుల్లోకి చూశారు. చిన్న టీచర్ అయితే కుక్కిన పేనులా కూర్చుంది. ఒక్కరంటే ఒక్కరు ఆ పాఠాలు ఆవిడవే అనలేదు. ఆవిడ అది కూడా మర్చిపోలేదు.

ఇంటికెళ్ళి మొగుడితో చెప్పుకుంది. ఆయనది కళ్ళజోళ్ళు బాగుచేసే దుకాణం. నెమ్మదస్తుడు, గాజుబిళ్ళ తుడిచినంత నిదానంగా మాట్లాడతాడు.

"పోనీలేవే. ఆ నలభై పోతే ఇంకో నలభై తయారు చేసుకుంటావు. నీ తెలివి ఎక్కడికి పోతుంది?" అన్నాడు.

"మీ దుకాణం బోర్డు మీద ఎవడో వాడి పేరు రాసుకుంటే ఇంకో దుకాణం పెట్టుకుంటారా?" అంది.

ఆవిడ విసురుగా పుస్తకం తీసి తిరగేసింది. ఒకటో పాఠం, రెండో పాఠం, మూడోది. పసివాడు పళ్ళు తోముకుంటున్నాడు. నర్సు తూకం తెస్తోంది. పద్నాలుగో పాఠంలో రోగి ఆరింటికి కడుపునిండా తింటున్నాడు. ఆవిడ వేలు ఒక్కో పేజీ దగ్గరా ఆగుతూ నలభయ్యో పాఠం దాకా వెళ్ళింది. దొంగలందరూ క్షేమంగా ఉన్నారు. మహానుభావుడు ఒక్క పాఠం కూడా చదవకుండా అచ్చు వేయించాడు.

ఆవిడ పకపకా నవ్వింది. మొగుడు కళ్ళజోడు పైనుంచి చూసి ఏమిటని అడిగితే చెప్పింది. ఆయన నవ్వలేదు.

"చెప్పెయ్యవే. ఎవరికైనా ముప్పొస్తుందేమో."

"వస్తే ఆయనకే వస్తుంది."

ఆ పూటే ఆవిడ మనసులో లెక్క కుదిరిపోయింది. నాలుగు నెలల్లో భాషా సంస్థ ప్రధాన కార్యాలయం వాళ్ళు వచ్చి ఈ పుస్తకం చూస్తారు. నచ్చితే అన్ని ఊళ్ళలోనూ ఇదే పెడతారు, డైరెక్టర్‌ను అన్ని శాఖలకూ పైఅధికారిని చేస్తారు. ఆ రోజు ఆయన కొత్త కోటు వేసుకుని పుస్తకం గొప్పలు చెబుతుంటే, ఆవిడ లేచి నిలబడుతుంది. ఒకటో పేజీ నుంచి మొదలుపెట్టి నలభైమంది దొంగల్నీ చొక్కా పట్టుకుని బయటకు లాగుతుంది. రాసినవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తెలియని దొంగలు. ఇన్ని తప్పులున్నాయని తెలియనివాడు పుస్తకం ఎలా రాశాడని వాళ్ళే అడుగుతారు. ఆయన మొహం మాడిపోతుంది. పుస్తకం తిరిగి ఆవిడదవుతుంది, అట్ట మీద పేరు మారుతుంది.

గిన్నెలు తోముతూ ఆ ఉపన్యాసం వల్లెవేసేది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని పెదాలు కదిపేది. ఒక్కోరోజు ఆయన మొహం తెల్లబోయే చోట ఆగి, ఆ ముక్కనే రెండుసార్లు ఊహించుకునేది. పగ అంత రుచిగా ఉంటుందని యాభై రెండేళ్ళ వయసులో తెలిసింది ఆవిడకు. కూతురు ఫోన్ చేసి, "ఏంటమ్మా, ఈ మధ్య గొంతు ఉషారుగా ఉంది?" అని అడిగింది కూడా.

తన బ్యాచ్‌లో ఆవిడ ఏ ఇబ్బందీ రానివ్వలేదు. ఒక్క లైనూ మార్చకుండా చదివించి, పుస్తకం మూయించి, దొంగను పట్టించేది. నోటితో చెప్పేదానికి ఆయన అడ్డం రాలేడు కదా.

పక్క గదిలో చిన్న టీచర్ ఉంది. ఆ అమ్మాయికి ఇది మొదటి ఉద్యోగం. పాతికేళ్ళు కూడా లేవు, డైరెక్టర్ మాటంటే వేదం. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు బట్టీ పట్టించమన్నాడు, పట్టిస్తోంది. ఒక ఉదయం కత్తెర టీచర్ సుద్దముక్కల కోసం నడవాలో వెళుతుంటే ఆ గదిలోంచి పద్నాలుగో పాఠం వినపడింది. పాతిక గొంతులు ఒక్కసారిగా, రాగం తీసినట్టు, ఆరింటికే కడుపునిండా తిని సిద్ధంగా ఉండమని చెబుతున్నాయి. ఆవిడ తలుపు అద్దం దగ్గర ఆగింది. ముందు బెంచీలో ఒక లావుపాటి ఆయా కళ్ళు మూసుకుని, వేళ్ళతో బల్ల మీద తాళం వేస్తూ, అందరికంటే గట్టిగా చెబుతోంది. ఆ మాటల్లో ఏది తినడమో, ఏది ఏడింటికో ఆయాకు విడిగా తెలియదు. మొత్తం పాఠం ఒక్క ముద్దగా నోటికొచ్చేసింది.

కత్తెర టీచర్ చెయ్యి తలుపు గుబ్బ దాకా వెళ్ళింది. తలుపు తీసి, "ఇందులో దొంగ ఉన్నాడమ్మాయ్" అంటే సరిపోయేది. అర నిమిషం పని. కానీ చెబితే చిన్న టీచర్ పరిగెత్తుకుంటూ డైరెక్టర్ దగ్గరకు పోతుంది, ఆయన నలభై పాఠాలూ దిద్దించి ఇంకో అచ్చు వేయిస్తాడు, నాలుగు నెలల ఉపన్యాసం గంగలో కలుస్తుంది. ఇంకా మూడు వారాలే ఉంది. మూడు వారాల్లో కొంప మునుగుతుందా అనుకుంది. సుద్దముక్కలు తీసుకుని తన గదికి వెళ్ళిపోయింది.

మునిగింది, వారానికే. ఆపరేషన్ వార్డులో ఆ దేశపు పెద్దాయన ఒకడు ఉన్నాడు. భాష వచ్చిన నర్సు ఆ రోజు రాలేదు. డాక్టరు కనపడిన ఆయాను పిలిచి, "నువ్వు క్లాసుకెళుతున్నావుగా, రేపటి ఆపరేషన్ సంగతి ఆయనకు చెప్పేసెయ్" అని తన దారిన పోయాడు. ఆ లావుపాటి ఆయా పొంగిపోయింది. జీవితంలో మొదటిసారి ఒక డాక్టరు తనకు చీపురు కాకుండా వేరే పని అప్పగించాడు. మంచం దగ్గర నిటారుగా నిలబడి పద్నాలుగో పాఠం మొదటి నుంచి చివరిదాకా ఒక్క మాట పొల్లుపోకుండా అప్పజెప్పింది. పెద్దాయన చప్పట్లు కొట్టాడట. మర్నాడు ఆరింటికి కింది క్యాంటీన్ నుంచి నాలుగు గుడ్లూ రొట్టే తెప్పించుకుని కడుపునిండా తిన్నాడు.

మత్తు ఇచ్చే డాక్టరు చివరి క్షణంలో ఏమైనా తిన్నారా అని సైగలతో అడగబట్టి పెద్దాయన బతికిపోయాడు. ఆపరేషన్ ఆపేశారు. పెద్దాయన కొడుకు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. సాయంత్రానికల్లా ఆయాను పనిలోంచి ఆపేసి, విచారణ అన్నారు.

విచారణ ఆసుపత్రి సూపరింటెండెంట్ గదిలో జరిగింది. సూపరింటెండెంట్ తెల్లజుట్టు డాక్టరమ్మ, మాటలు పొదుపు. బల్లకు ఒక పక్క డైరెక్టర్, కత్తెర టీచర్, చిన్న టీచర్. ఇంకో పక్క ఆయా నిలబడి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

ముందు డైరెక్టర్ అందుకున్నాడు. "మా పాఠాల్లో ఏ లోపమూ లేదండి. చదువురాని వాళ్ళు కదా, సగం మర్చిపోయి ఏదో వాగి ఉంటారు."

"నేనేం మర్చిపోలేదమ్మగారూ," అంది ఆయా. "పుస్తకంలో ఉన్నదే చెప్పాను. మా పిల్లల మీద ఒట్టు. నాకు ఈ పని తప్ప ఆధారం లేదు."

డాక్టరమ్మ పుస్తకం తెప్పించి, పద్నాలుగో పాఠం తీసి చిన్న టీచర్ ముందు పెట్టింది. "మన భాషలో చెప్పమ్మా."

చిన్న టీచర్ చెప్పింది. చెబుతూ చెబుతూ రెండో వాక్యం దగ్గర గొంతు ఆగిపోయింది. వారాల తరబడి తాను బట్టీ పట్టించిన మాట ఏమిటో ఆ అమ్మాయి మొట్టమొదటిసారి విన్నది.

"ఇది ఎవరు రాశారు?" అంది డాక్టరమ్మ.

కత్తెర టీచర్ డైరెక్టర్ వైపు తిరిగింది. నాలుగు నెలలుగా ఊహించుకున్న మొహం ఎదురుగా, ఊహించుకున్నదానికంటే తెల్లగా ఉంది. ఆయన అట్ట వంక చూశాడు. అట్ట తిప్పితే ఫోటో. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తున్నాడు.

"అంటే, పేరు నాదే గానీ," అన్నాడు ఆయన. కత్తెర టీచర్ వైపు చెయ్యి చూపించాడు. "పాఠాలన్నీ ఈ మేడమ్ తయారు చేసినవండి. పద్దెనిమిదేళ్ళుగా. ప్రతి ముక్కా ఆవిడదే. స్టాఫ్ అందరికీ తెలుసు."

ఈ ఒక్క మాట కోసమే ఆవిడ నాలుగు నెలలు కాచుకుంది. ఇంత మందిలో, ఇంత స్పష్టంగా, ఆయన నోటితోనే వచ్చింది. అవునంటే చాలు. అవును, నావే, అది దొంగ, పట్టుకోవడానికి పెట్టింది, ఈయన ఎత్తుకుపోయి అచ్చు వేసుకున్నాడు అంటే నలభై పాఠాలూ ఆవిడవే అవుతాయి. తర్వాత వచ్చే ప్రశ్న కూడా ఆవిడకు తెలుసు. తప్పుందని తెలిసినదానివి ఇన్నాళ్ళూ ఎందుకు నోరు మూసుకున్నావని అడుగుతారు. దానికి ఆవిడ దగ్గర పైకి చెప్పగలిగే జవాబు లేదు. పైగా అవునంటే ఆ పాపంలో సగం ఆవిడ పంచుకోవాలి, ఆయన సగం బరువుతో బయటపడతాడు. సగం ఆవిడకు చాలదు.

"మీరేనా?" అంది డాక్టరమ్మ.

"నేను కాదండి," అంది కత్తెర టీచర్.

డైరెక్టర్ కుర్చీలోంచి సగం లేచాడు. "మేడమ్, అదేంటి, ఆ రోజు మీరే కదా..."

"నేను అక్కడో ముక్క కోసి ఇక్కడ అతికించే మనిషినండి. రాయడం నాకు రాదు. ఆ మాట సారే అన్నారు, నలుగురు టీచర్ల ముందు. పుస్తకం మీద ఎవరి పేరుంటే వాళ్ళే రాశారు." ఆవిడ పుస్తకం అట్టను డాక్టరమ్మ వైపు తిప్పింది. "ఒక్క లైను కూడా మార్చొద్దని కూడా సారే అన్నారు. అందుకని ఈ పిల్ల ఉన్నదున్నట్టు నేర్పింది, ఈవిడ ఉన్నదున్నట్టు చెప్పింది. తప్పు పాఠంలోది. వీళ్ళిద్దరిదీ కాదు."

డాక్టరమ్మ చిన్న టీచర్‌ను అడిగింది. చిన్న టీచర్ కళ్ళు తుడుచుకుని, ఒక్క లైను కూడా మార్చొద్దని సార్ చెప్పిన మాట నిజమేనంది. ఆయన ఇంకా ఏదో చెప్పబోయాడు. ఏం చెప్పినా తాను దొంగనని చెప్పుకోవడమే అవుతుందని ఆయనకే తోచి నోరు మూసుకున్నాడు. కత్తెర టీచర్ ఆయన మొహాన్ని తనివితీరా చూసింది. సిగ్గుపడకుండా, కళ్ళు తిప్పుకోకుండా చూసింది. కడుపు చల్లబడింది.

మెట్లు దిగుతుంటే చిన్న టీచర్ వెనకనుంచి వచ్చి ఆపింది.

"మేడమ్, మీ బ్యాచ్‌లో ఈ పాఠం చెప్పిన రోజున తప్పెక్కడుందో పట్టమన్నారట కదా. ఆయాలు చెప్పుకుంటున్నారు."

"అన్నాను."

"మరి నాకు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు," అంది కత్తెర టీచర్. ఆ రోజు స్టాఫ్ రూమ్‌లో నువ్వేమైనా అన్నావా అని కూడా అనబోయింది గానీ, ఆ పిల్ల మొహం చూసి మానేసి, గబగబా మెట్లు దిగిపోయింది.

ప్రధాన కార్యాలయం వాళ్ళు అనుకున్నదానికంటే ముందే వచ్చారు. డైరెక్టర్‌ను ఉన్నపళాన తీసేశారు. పుస్తకం వాడొద్దన్నారు. అమ్మినవీ, పంచినవీ అన్నీ వెనక్కి తెప్పించి వరండాలో గుట్ట పోశారు. కాగితం మిల్లు లారీ వచ్చింది. కూలీలు కట్టలు విసురుతుంటే కత్తెర టీచర్ కిటికీ దగ్గర నిలబడి చూసింది. విడి కాగితాలు కూడా పుస్తకం తాలూకు చిత్తు ప్రతులని బీరువా ఖాళీ చేసి అదే లారీలో వేశారు. అట్టల్లా మందమెక్కిన నలభై పాఠాలు, పద్దెనిమిదేళ్ళ జిగురు. అవి నావి, దించండి అనడానికి లేదు. నావి కావని నలుగురిలో చెప్పింది తానే. లారీ మలుపు తిరిగేదాకా చూసి, స్టాఫ్ రూమ్‌లోకి వెళ్ళి టీ పెట్టుకుంది. చల్లారిపోయినా తాగలేదు.

"గెలిచావు కదే," అన్నాడు మొగుడు ఆ వారం. మెచ్చుకుంటున్నాడో అడుగుతున్నాడో ఆవిడకు అర్థం కాలేదు.

"గెలిచాను," అంది. అది నిజమే. డైరెక్టర్ పెట్టె సర్దుకుని తలొంచుకు పోయిన పొద్దున్న తలుచుకుంటే ఇప్పటికీ ఆవిడకు నోట్లో తియ్యగా ఉంటుంది. పశ్చాత్తాపం అంటూ ఎవరైనా ఎదురుచూస్తుంటే, ఆయన విషయంలో మాత్రం ఆవిడ దగ్గర అది చిటికెడు కూడా లేదు.

నెల తర్వాత క్లాసులు మళ్ళీ మొదలయ్యాయి. సముద్రం అవతలి పుస్తకమే మళ్ళీ వచ్చింది, మంచుకొండ కుటుంబంతో సహా. మొదటి రోజు ఆరున్నరకు అందరికంటే ముందు ఆ లావుపాటి ఆయా వచ్చింది. పనిలోకి తిరిగి తీసుకున్నారు. పక్క బ్యాచ్ వద్దని, పట్టుబట్టి ఈ బ్యాచ్‌లోకి మార్పించుకుంది. ముందు బెంచీలో కూర్చోకుండా తిన్నగా టీచరు బల్ల దగ్గరకు వచ్చి, కత్తెర టీచర్ చేతులు రెండూ పట్టుకుంది.

"మీరు ఆ రోజు నోరు విప్పకపోతే నేనూ నా పిల్లలూ వీధిన పడేవాళ్ళం టీచర్ గారూ. మీ రుణం తీర్చుకోలేను."

"ఫరవాలేదమ్మా, కూర్చో."

ఆయా చేతులు వదల్లేదు. "ఆ ముసలాయన చచ్చిపోయుంటే నేను జైల్లో ఉండేదాన్ని. ఇప్పటికీ ఎవరికైనా అన్నం పెట్టాలంటే నాకు చేతులు వణుకుతున్నాయి. ఆ పాఠం రాసినోళ్ళ చేతులు పడిపోవాలి. తెలిసి కూడా చెప్పకుండా ఊరుకున్నోళ్ళెవరైనా ఉంటే వాళ్ళ నోరు పడిపోవాలి. మా మొహాలు చూసైనా చెప్పాలని అనిపించలేదా వాళ్ళకి? మీరే చెప్పండి, నేనన్నదాంట్లో తప్పుందా?"

తలుపు అద్దంలోంచి చూసిన ఆ మూసిన కళ్ళు ఇప్పుడు జానెడు దూరంలో, తడిగా, పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి. మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి బెంచీల్లో సర్దుకుంటున్నారు. ఆయా జవాబు కోసం చూస్తోంది.

"లేదమ్మా," అంది కత్తెర టీచర్. "పడిపోవాలి."

ఆయా కళ్ళు తుడుచుకుని, ఇప్పటికి మనసు కుదుటపడిందని చెప్పి, ముందు బెంచీలో కూర్చుని పుస్తకం తెరిచింది.